ఆడిస్ అబాబా నుంచి జిమ్మాకి చిన్నపిల్లతో బస్సులో వెళ్లొచ్చా?

పాలకొండ అమ్మాయి:
మా ఆయన ఇథియోపియాలో, జిమ్మా యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరి 8 నెలలైంది. వచ్చే నెల నేనూ మా ఐదేళ్ల పాపా వెళ్తున్నాం. ఆడిస్ నుంచి జిమ్మాకి 350 కిలోమీటర్లట. విమానం ఉంది గానీ లగేజీ చాలా ఎక్కువ, అందుకని ఆయనే ఆడిస్ వచ్చి బస్సులో తీసుకెళ్తానంటున్నారు. నా టెన్షనంతా పాప గురించే, సాలూరు ఘాట్ రోడ్డెక్కితే సుంకి వచ్చేలోపే రెండుసార్లు వాంతి చేసుకుంటుంది. అక్కడంతా కొండలే అంటున్నారు. ఆ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, నేను జిమ్మాలో నాలుగేళ్లు చేశాను, ఆ బస్సులో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ముందు గడియారం సంగతి తెలుసుకోండి. వాళ్లు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, మన ఉదయం 7 వాళ్లకి 1, సాయంత్రం 7 మళ్లీ 1. మొదటిసారి కౌంటర్లో 11:30కి రమ్మంటే పగలు 11:30కి పెట్టెలతో వెళ్లాను, బస్సు తెల్లవారుజామున 5:30కే వెళ్లిపోయింది. టికెట్ కొనేటప్పుడు అది ఎవరి లెక్కో మీ ఆయన్ని గట్టిగా అడగమనండి.

ఇక ఘాట్. ఆడిస్ ఉన్నదే 2,300 మీటర్ల పైన, మన తూర్పు కనుమల్లోని ఆరమకొండ శిఖరమే 1,680. అంటే బయల్దేరడమే కొండమీద నుంచి, అందుకని ఒలిసో దాటేదాకా మెలికలు పెద్దగా ఉండవు, గడ్డిలా కనిపించే టెఫ్ చేలు, పశువులు, అంతే. ఆ తర్వాత వొల్కితే దాకా ప్రతి ఇంటి వెనకా అరటి తోట కనిపిస్తుంది, గెల మాత్రం ఒక్కటీ ఉండదు. అది అరటి కాదమ్మా, ఎన్సెట్. పండు కోసం పెంచరు, మట్టల్లోంచి గోకిన గుజ్జునీ దుంపనీ కలిపి గోతిలో కప్పెట్టి నెలల తరబడి పులియబెట్టి రొట్టె కాలుస్తారు, కోచో అంటారు. పుల్లటి వాసన, నాకు అలవాటయ్యేసరికి ఏడాది పట్టింది.

వొల్కితే దాటాక గిబే నది లోయ. సుమారు 1,100 మీటర్లకి దిగిపోతాం, ఒక్కసారిగా ఉక్కపోస్తుంది, వంతెన దాటగానే మళ్లీ ఎక్కుడే. పాపకి ఇబ్బందైతే అక్కడే. డ్రైవర్ వెనక సీటు అడగండి, ఎందుకంటే గాలి తగిలితే జబ్బు చేస్తుందని పక్కవాళ్లు కిటికీ తియ్యనివ్వరు. నిమ్మకాయ, కవర్లు చేతిలోనే ఉంచుకోండి.

రాజాం కోడలు:
చెల్లీ, తిండికి భయపడకు. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో పప్పు, శనగపిండితో చేసే షిరో చాలా హోటళ్లలో ఉంటాయి. మా బాబు నాలుగేళ్లప్పుడు దారిలో భోజనానికి ఆపితే ఇంజెరా, అదే వాళ్ల పులిసిన టెఫ్ అట్టు, పుల్లగా ఉందని మూతి తిప్పేశాడు. పక్క బల్ల దగ్గరున్న ముసలామె లేచొచ్చి, చిన్న ముక్క పప్పులో అద్ది, చుట్టి, వాడి నోట్లో పెట్టింది. గుర్షా అంటారు దాన్ని, మన గోరుముద్ద లాగానే. వాడు నమిలి, ఇంకోటి కావాలని ఆవిడ కేసే నోరు తెరిచాడు. కాదనకుండా తినాలి, అది వాళ్ల ప్రేమ.

సాలూరు నుంచి:
ఒక్క మాట. ఒరోమియా రాష్ట్రంలో కొన్నిచోట్ల సాయుధ గొడవలున్నాయి, జిమ్మా ఉన్నది ఒరోమియాలోనే. ప్రయాణం ఉన్న వారంలో దారి ఎలా ఉందో మీ ఆయన యూనివర్సిటీలో అడిగి తెలుసుకోవాలి. బాగాలేదంటే లగేజీ తగ్గించుకుని విమానం ఎక్కేయండి. రాత్రి ప్రయాణం మాత్రం అసలొద్దు.

పాలకొండ అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. ఆ ముసలామె సంగతి పాపకి చదివి వినిపించాను, తనకీ అలా పెడతారా అని అడుగుతోంది. మాస్టారూ, పాపకి పొద్దున్నే చోడి అంబలి అలవాటు, పిండి ఎంత పట్టుకెళ్లమంటారు?

బొబ్బిలి మాస్టారు:
దారికి సరిపడా చాలమ్మా. మన చోళ్లు పుట్టిందే ఆ తూర్పు ఆఫ్రికా కొండల్లో. అక్కడ దగుస్సా అంటారు, బజారులో ఆ పేరుతో అడగండి.