అతిమధురం సారం మంగు మచ్చలను తగ్గిస్తుందా, లేక లేబుల్‌కు అలంకారమేనా?

మల్లెతీగ:
మంగు మచ్చలకు వాడమని మా వదినగారు ఇచ్చిన సీరం సీసాపై అతిమధురం వేరు, సరస్వతి ఆకు బొమ్మలు కొట్టొచ్చినట్టు ఉన్నాయి. వెనుక ఉన్న పదార్థాల జాబితాలో మాత్రం ఆ రెండు సారాలూ చిట్టచివర, ఫినాక్సీఇథనాల్ తరువాత కనిపిస్తున్నాయి. వీటివల్ల మచ్చలు నిజంగా తగ్గుతాయా?

గాజుకుప్పె:
అలంకారమేనని నా అభిప్రాయం. ఫినాక్సీఇథనాల్ సీరం చెడిపోకుండా కలిపే ద్రవ్యం. ఐరోపా నిబంధనల ప్రకారం దానిని 1 శాతానికి మించి కలపరాదు. పదార్థాలను పరిమాణం తగ్గే వరుసలో రాయాలి కనుక, ఆ పరిమితిని పాటించిన సీరంలో దాని తరువాత వచ్చినవేవీ 1 శాతం దాటవు.

వేపకొమ్మ:
గాజుకుప్పె గారూ, తక్కువగా ఉన్నంత మాత్రాన పనికిరాదనడం తొందరపాటు. అతిమధురంలోని గ్లాబ్రిడిన్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి కీలకమైన టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. 1998లో వెలువడిన ఒక పరిశోధనలో, 0.5 శాతం గ్లాబ్రిడిన్ పూసినప్పుడు గినీ పందుల చర్మంపై అతినీలలోహిత కిరణాల వల్ల వచ్చే నలుపూ ఎరుపూ రెండూ తగ్గాయి. నలుగుపిండిలో కస్తూరి పసుపు కలుపుకునే మన ఇళ్ల అనుభవాన్ని కూడా అంత తేలికగా కొట్టిపారేయలేము.

గాజుకుప్పె:
ఆ 0.5 శాతం గ్లాబ్రిడిన్‌దే తప్ప సారానిది కాదు. చిక్కంతా అక్కడే ఉంది. గ్లాబ్రిడిన్ నీటిలో దాదాపు కరగదు. వేరును నీటిలో మరిగిస్తే ప్రధానంగా వచ్చేది, ఆ వేరుకు తీపినిచ్చే గ్లిసిరైజిన్; అది మంటను, ఎరుపును చల్లార్చడానికి ఉపయోగపడవచ్చు గానీ గ్లాబ్రిడిన్ చేసే పని దానితో కాదు. ఏ ద్రావకంతో తీసినా లేబుల్‌పై మాత్రం ‘అతిమధురం వేరు సారం’ అనే రాసుకోవచ్చు. ఇంట్లో పొడిని పన్నీటితో కలిపి పూసుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. ఇక పసుపు సంగతి: తెల్లబట్టపై పడిన పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది కదా, పసుపుకు రంగునిచ్చే కుర్‌కుమిన్ వెలుతురుకు అంత త్వరగా విచ్ఛిన్నమవుతుంది. పైగా నలుగును కాసేపటికే కడిగేస్తాము.

వేపకొమ్మ:
ద్రావకం విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే తప్పు మొక్కది కాదు, లేబుల్‌ది. వేరు బొమ్మకు బదులు గ్లాబ్రిడిన్ శాతాన్ని ముద్రించమని తయారీదారులను అడగాలి. సరస్వతి ఆకును కూడా మచ్చల లెక్కలో కలపకండి; అందులోని ఆసియాటికోసైడ్, మడెకాసోసైడ్‌లకు పేరున్నది గాయం మానడంలో, రేగిన చర్మాన్ని శాంతపరచడంలో.

గాజుకుప్పె:
శాతం ముద్రించమనడం న్యాయమే. మల్లెతీగ గారూ, ఆ సీరం వాడదలిస్తే ముందు ముంజేతి లోపలివైపు కొన్ని రోజులు రాసి చూడండి, ఎందుకంటే మొక్కల సారాలూ కొందరికి పడవు, దద్దురు తగ్గాక మిగిలే నలుపు మనవంటి చామనఛాయ చర్మంపై నెలల తరబడి ఉంటుంది. మంగును కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది కనుక, పగటిపూట ఆ వెలుతురును అడ్డుకునే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేతరంగు ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోకుండా ఏ సీరం వాడినా ప్రయోజనం అంతంతమాత్రమే.