పార్కులోకి కుక్కను రానివ్వాలా, వద్దా? వైజాగ్ వాళ్ళు మీ మాట చెప్పండి

లాసన్స్‌బే లాబ్ (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ పార్కుకు బయల్దేరాం. మా ఆవిడ, పిల్లలిద్దరు, ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు, మా లాబ్రడార్ బన్నీ. బీచ్ రోడ్డు వైపు పార్కే, పేరు ఎందుకులెండి. అందరికీ టికెట్లు తీసుకున్నాక గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టి "కుక్కకి పర్మిషన్ లేదు సార్" అన్నాడు. మెడకు బెల్టు, చేతిలో తాడు, జేబులో టీకా కార్డు, కవర్లు అన్నీ ఉన్నాయని చూపించాను. ఆయన తప్పేం లేదు, పైవాళ్ళు చెప్పిందే చేస్తాడు. మా ఇంట్లోవాళ్ళు లోపల ఆడుకున్నంతసేపూ నేనూ బన్నీ రోడ్డవతల గట్టు మీద కూర్చున్నాం.

నేను అడిగేది ఒకటే. అపార్ట్‌మెంట్లో పెరిగే కుక్కకు కాళ్ళు చాపుకునే చోటు ఎక్కడుంది? కింద పార్కింగ్‌లో నడిపిస్తే అసోసియేషన్ గొడవ. రోడ్డు మీదకు తీసుకెళ్తే వీధి కుక్కలు మీద పడతాయి. హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లోనే 1.3 ఎకరాల్లో కుక్కల కోసం పార్కు కట్టింది. అంత అడగట్లేదు. ఉన్న పార్కుల్లో ఒక మూల, ఒక గంట ఇస్తే చాలు.

వాకింగ్ తాతయ్య, ఎంవీపీ కాలనీ

బాబూ, నేను వద్దనే అంటాను. కుక్కలంటే ద్వేషం లేదు, మా ఊళ్ళో ఇంటి నిండా ఉండేవి. కానీ నాకు రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాయి. పార్కుకు వచ్చేది డాక్టరు నడవమన్నాడని. ముప్ఫై కిలోల కుక్క ప్రేమతో మీదకు దూకినా నేను కింద పడతాను. కరవనక్కర్లేదు. తాడు పట్టుకున్న ప్రతివాళ్ళూ చెప్పే మాట ఒకటుంది: "మా కుక్క ఏమీ అనదండి." ఏమీ అనదని మీకు తెలుసు. నాకెలా తెలుస్తుంది?

ఇంకోటి, ఆ బటన్ నొక్కితే సాగే తాళ్ళు వచ్చాయి కదా. యజమాని ఇక్కడ ఫోన్ చూసుకుంటుంటాడు, కుక్క అక్కడెక్కడో ఉంటుంది, మధ్యలో సన్నటి తాడు. సాయంత్రం చీకటి పడే వేళ అది కంటికి ఆనదు. మొన్న ఒకావిడ పాపను తోపుడు బండిలో కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే ఆ తాడు ముందు చక్రానికి చుట్టుకుంది. కుక్క బెదిరి లాగింది. పక్కనున్న కుర్రాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

గాజువాక కుర్రోడు

తాతగారూ, మీ మాట కాదనలేం గానీ పార్కుల్లోకి మనుషుల్ని రానిచ్చినప్పుడు కుక్కలేం పాపం చేశాయండి? గుట్కా ఉమ్మేది ఎవరు? ముంత మసాలా తిని ఆ కాగితం పొట్లం పచ్చిక మీదే పడేసేది ఎవరు? స్పీకర్లో పాటలు పెట్టుకుని తిరిగేవాళ్ళకు గేటు దగ్గర అడ్డం లేదు. మరి బన్నీకే ఎందుకు?

ఇద్దరు పిల్లల నాన్న

జోకులు వేసుకోవచ్చు తమ్ముడూ. మా చిన్నవాణ్ణి కరిచింది వీధి కుక్క కాదు. లిఫ్టులో, తాడుతో ఉన్న పెంపుడు కుక్క. వాడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది, అంతే. మోచేతి కింద రెండు పళ్ళు దిగాయి. ఆ కుక్క యజమాని మొదట అన్న మాట "టీకా వేయించామండి, భయం లేదు." డాక్టరు మాత్రం కార్డు చూడను కూడా చూడలేదు. పావుగంట సబ్బు నీళ్ళతో కడిగించి, మొదటి సూది పొడిచి, మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రమ్మని రాసిచ్చారు. సూదులు అయిపోయాయి, భయం పోలేదు. ఇప్పటికీ ఎదురుగా కుక్క కనిపిస్తే వాడు నా చొక్కా పట్టుకుని రోడ్డు దాటించమంటాడు. వాడికి నిశ్చింతగా పరిగెత్తే చోటు ఇంకా ఏదైనా మిగిలిందంటే అది గేటున్న పార్కే. దాన్ని కూడా అడుగుతున్నారు మీరు.

పాత ప్లీడరు

చట్టం సంగతి కొంచెం చెప్తాను, లేకపోతే ఇక్కడ వాట్సాప్ జడ్జిమెంట్లు మొదలవుతాయి.

సుప్రీంకోర్టు 2025లో ఇచ్చిన ఉత్తర్వులు వీధి కుక్కల గురించి. నవంబరులో బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వాటిని తరలించమన్నారు. దాన్ని పట్టుకుని "కోర్టే కుక్కల్ని నిషేధించింది" అని పెంపుడు కుక్కల వాళ్ళ మీదకు వెళ్ళకండి.

ఇటుపక్క పెంపుడు కుక్కల వాళ్ళు మామూలుగా చూపించేది జంతు సంక్షేమ బోర్డు 2015 నాటి సర్క్యులర్. పెంపుడు కుక్కల్ని పార్కుల్లోకి రాకుండా పూర్తిగా నిషేధించడం సబబు కాదు, కావాలంటే వేళలు పెట్టుకోండి అంటుంది. నిజమే. కానీ అది ముఖ్యంగా కాలనీ సంఘాలనూ అపార్ట్‌మెంట్లనూ ఉద్దేశించింది. టికెట్ పెట్టి నడిపే పార్కుకు నిర్వాహకుల నిబంధనలు వేరే ఉంటాయి. గేటు దగ్గర సర్క్యులర్ ప్రింటు చూపించి వాదిస్తే ఆ సెక్యూరిటీ ఆయనకు టెన్షన్ తప్ప మీకు ప్రవేశం దొరకదు.

మూడోది యజమానులందరూ గుర్తు పెట్టుకోవాల్సింది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్. మన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరిగేలా ఉన్నప్పుడు తెలిసో, నిర్లక్ష్యంతోనో జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఈ జరిమానా వెయ్యే. లిఫ్టులో పిల్లవాణ్ణి కరిచిన కేసు దీని కిందకే వస్తుంది. మీరు ఫిర్యాదు చేశారా సార్?

ఇద్దరు పిల్లల నాన్న

లేదండి. పక్క ఫ్లాటు వాళ్ళే. రోజూ మొహాలు చూసుకోవాలి.

వెటర్నరీ విద్యార్థిని

అందరూ కరవడం గురించే మాట్లాడుతున్నారు. పార్కులో నాకు ఎక్కువ భయం వేసేది ఉయ్యాలల కింద ఉండే ఇసుక.

కుక్క పేగుల్లో కొంకి పురుగులని ఉంటాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి, వెచ్చగా తడిగా ఉన్న ఇసుకలో పిల్ల పురుగులవుతాయి. మన వైజాగ్ ఉక్కపోత వాటికి పండగే. చెప్పులు విడిచి ఆడుకునే పిల్లల పాదాల చర్మంలోంచి లోపలికి దూరతాయి. తర్వాత చర్మం కింద ఎర్రటి వంకర టింకర గీత రోజురోజుకీ ముందుకు జరుగుతూ ఉంటుంది, విపరీతమైన దురద. తామర అనుకుని మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొని రాసేవాళ్ళున్నారు. అది తగ్గదు. గీత కదులుతోందంటే డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిందే.

రెండోది గుండ్రటి పురుగు, టాక్సోకారా. పిల్ల కుక్కల్లో ఎక్కువ. దీని గుడ్డు చేతులకంటి నోట్లోకి వెళ్తుంది. అరుదుగా కంటి దాకా కూడా పోతుంది. అయితే ఇక్కడ ఒక మంచి కబురు ఉంది. అప్పుడే పడిన మలంలో ఆ గుడ్డు హాని చేసే దశలో ఉండదు. మట్టిలో ఒకటి రెండు వారాలు ఉంటేనే అలా తయారవుతుంది. కొంకి పురుగు గుడ్లకైనా పిల్లలు రావడానికి కొంత వ్యవధి కావాలి. అంటే కుక్క దొడ్డికి వెళ్ళిన వెంటనే కవరుతో ఎత్తి చెత్తడబ్బాలో వేస్తే ఈ గొడవ చాలామటుకు తీరిపోతుంది. "ఎండకు ఎండిపోతుందిలే" అని కాలితో మట్టి కప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది, అదే అన్నిటికంటే చెడ్డ పని.

పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, ఏడాదికోసారి రేబిస్ టీకా. బన్నీ వాళ్ళు ఇవి చేస్తూనే ఉంటారు. గోడ సందులోంచి రాత్రిపూట వచ్చి ఆ ఇసుకలో పడుకునే కుక్కలకు ఎవరు వేస్తున్నారు? పెంపుడు కుక్కను గేటు దగ్గర ఆపినంత మాత్రాన ఇసుక శుభ్రంగా ఉందనుకోకండి. ఆటస్థలం చుట్టూ నడుము ఎత్తు కంచె, మూసుకునే చిన్న గేటు ఉండాలి. కుక్కల్ని అనుమతించినా మానినా అది కావాలి.

సాగర్‌నగర్ గట్టు

పార్కు ఎందుకండీ, ఇంత సముద్రం పెట్టుకుని? బీచ్‌కి తీసుకెళ్ళి వదిలేయండి, హాయిగా పరిగెడతాయి.

వెటర్నరీ విద్యార్థిని

వదిలేయకండి బాబోయ్. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టేది కుక్కలూ నక్కలూ తవ్వేస్తాయనే. పెంపుడు కుక్కకు మాత్రం ముక్కు లేదా? ఆ నెలల్లో ఇసుక మీద తాడు విప్పకూడదు. వేసవి మధ్యాహ్నం అయితే ఇసుక మీదకూ రోడ్డు మీదకూ అసలు వద్దు. మీ అరచేతి వెనక భాగం నేల మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ నిలవలేవు.

అన్నట్టు, వైజాగ్‌లో హస్కీలను కొంటున్నవాళ్ళకు చేతులెత్తి దండం. మంచు దేశపు కుక్కను తెచ్చి ఏసీ గదిలో పెట్టి, కరెంటు పోతే మాకు ఫోన్ చేస్తారు.

పిల్లి పిన్ని

మా మినీని బుట్టలో పెట్టుకుని తీసుకెళ్ళాను, ఎవరూ ఏమీ అనలేదు. ఇది రూల్సులో ఉందో లేదో అడగలేదు కూడా. అడిగితేనే కదా వద్దంటారు.

దేశీ డోరా

మాది వీధిలోంచి తెచ్చుకున్న కుక్క. ఆపరేషన్, టీకాలు అన్నీ అయ్యాయి. లాబ్రడార్ వస్తే సెల్ఫీ అడుగుతారు. మా దాన్ని తాడుతో తీసుకెళ్తే "దీన్ని ఎందుకమ్మా ఇక్కడికి" అంటారు. రేపు పార్కుల్లో గంట ఇచ్చినా ఆ గంట జాతి కుక్కలకేనేమో అని నా అనుమానం.

మా అమ్మ పార్కులో పనిచేస్తుంది

ఇంతమంది మాట్లాడారు, ఎత్తేవాళ్ళ గురించి ఒక్కరూ అనలేదు. మా అమ్మ ఒక పార్కులో ఊడుస్తుంది. తెల్లారకుండా వెళ్తుంది. పచ్చికలో ఆకులు చేత్తోనే ఏరాలి, చీపురుకు రావు. ఆకు కింద ఏముందో చెయ్యి పడేదాకా తెలీదు. గ్లౌజులు ఇస్తారు, రెండు రోజులకు చిరుగుతాయి. మీ జేబుల్లో కవర్లు ఉంటాయని రాశారు సార్, సంతోషం. మీలాంటోళ్ళు ఎంతమంది? ఎవరూ చూడకపోతే ఎంతమంది వంగుతారు? మా అమ్మ చెప్పిన మాట అయితే, కవర్లో కట్టి మరీ పొదల్లో విసిరేసి పోయేవాళ్ళున్నారట. అది ఇంకా నయమా? కవరు కుళ్ళదు కూడా.

లాసన్స్‌బే లాబ్

అమ్మా, మీరు రాసింది చదివి మా ఆవిడకు కూడా చూపించాను. పొదల్లో విసిరే సంగతి నిజం, నేనూ చూశాను. అలాంటివాళ్ళకు జరిమానా వేస్తే నాకేం అభ్యంతరం లేదు. అందరి మాటలూ విన్నాక నేను అడిగేది ఇది: వారంలో కొన్ని రోజులు, ఉదయం తొలి గంట, ఆటస్థలానికి దూరంగా ఒక మూల. పొట్టి తాడు మాత్రమే, సాగేది వద్దు. టీకా కార్డు చూపించాలి. కుక్కకు వేరే టికెట్ పెట్టండి, కొంటాం. మూతికి బుట్ట తప్పనిసరి అంటే మాత్రం ఒప్పుకోను, ఈ ఉక్కలో కుక్క ఒళ్ళు చల్లబడేది నోరు తెరిచి రొప్పితేనే.

వెటర్నరీ విద్యార్థిని

గుడ్డతో బిగించేది అయితే మీరన్నది సరే. తీగ బుట్టలాంటిది పెడితే నోరు తెరుచుకుంటుంది, నీళ్ళు కూడా తాగుతుంది. బన్నీకి అక్కర్లేకపోవచ్చు, కొన్నిటికి కావాలి. ఏది కావాలో తేల్చేది యజమాని కాకూడదు.

వాకింగ్ తాతయ్య, ఎంవీపీ కాలనీ

ఉదయం తొలి గంటా? అది మాది కదయ్యా! పొద్దున్నే ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కదా, అంత వెడల్పు రోడ్డు ఖాళీగా ఉంటుంది, అక్కడ నడిపించుకోవచ్చు. మధ్యాహ్నం మూడింటికి పార్కు ఖాళీ, అప్పుడు తీసుకోండి.

గాజువాక కుర్రోడు

మూడింటికా? మే నెలలో? తాతగారు కుక్కలకు టైము ఇచ్చారా, శిక్ష వేశారా?

పాత ప్లీడరు

ఇక్కడ ఎంత కొట్టుకున్నా పార్కు నిబంధన మారదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. ఉత్త "కుక్కల్ని రానివ్వండి" అని రాస్తే ఆ కాగితం అక్కడే ఉంటుంది. మొదటి అంశంగా ఆటస్థలానికి కంచె, రెండోది మూత ఉన్న చెత్తడబ్బాలు, శుభ్రం చేసేవాళ్ళకు గట్టి గ్లౌజులు. వేళల సంగతి మూడోది. కుక్క టికెట్ డబ్బు ఆ రెండో పద్దుకే పోవాలని కూడా రాయండి. చిత్తుప్రతి నేను రాసిస్తాను.

వాకింగ్ తాతయ్య, ఎంవీపీ కాలనీ

ఆ వరసలో ఉంటే నేనూ సంతకం పెడతాను. వేళ దగ్గర మాత్రం చుక్కలు పెట్టి వదిలేయండి, ఇంకా తేలలేదు.

ఇద్దరు పిల్లల నాన్న

నేను పెట్టను. కంచె, డబ్బాలు, గ్లౌజులు వేరే అర్జీగా రాయండి, దానికి రెండు సంతకాలైనా పెడతాను. ఈ గంట మీకిస్తే ఆ గంట అయ్యాక కూడా కుక్కతో లోపల ఉన్నవాళ్ళను బయటికి పంపేది ఎవరు? ఆ సెక్యూరిటీ ఆయనేనా? ముందు అది రాయండి.