అప్‌డేట్: అమ్మమ్మ బొమ్మలో చామనఛాయ కుదిరింది

పర్లాకిమిడి నుంచి అడిగాను గుర్తుందా, ఆయిల్ రంగుల్లో అమ్మమ్మ మొహం వేస్తుంటే చామనఛాయ సున్నం కొట్టినట్టు తెల్లబారుతోందని? తెలుపు తగ్గించమన్న అక్కకి, ముందు నీడలు వేసుకోమన్న మాస్టారికి చాలా థాంక్స్.

ఈసారి బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుని టర్పెంటైన్‌తో పల్చన చేసి ముందు నీడలన్నీ పెట్టేశాను. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి ఈ ముసురులో కూడా తొందరగానే ఆరింది. పై పొరల్లో లిన్సీడ్ నూనె పెంచుకుంటూ వెళ్లాను. పైన నూనె తక్కువైతే తర్వాత పగుళ్లిస్తుంది, ఇది మాత్రం ఎవరూ వదలొద్దు. వెలుగు పడే చోట టైటానియం వైట్ బాగా తగ్గించి ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), కాస్త వర్మిలియన్ (మెరిసే ఎరుపు) కలిపాను.

అసలు సంగతి ముక్కుపుడక కింద జరిగింది. అక్కడి నీడలో కాస్త మట్టిపచ్చ (మసక ఆకుపచ్చ) రాస్తే పక్కనున్న బుగ్గ ఎర్రదనం దానంతటదే పైకి తేలింది. బుగ్గ మీద కొత్తగా ఎరుపు వెయ్యనే లేదు! ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో.

ఇత్తడి చెంబు వేసేటప్పుడూ ఇదే పద్ధతి. చెంబులో పసుపు మనం అనుకున్నంత ఉండదు. ఎక్కువ భాగం ముదురు గోధుమే, పొట్ట మీద కింద పరిచిన ఎర్ర తువ్వాలు ప్రతిబింబం. మెరుపు చుక్క అన్నిటికన్నా చివర, ఒకే ఒక్క దెబ్బలో పెట్టాలి.

వార్నిష్ ఇప్పుడే వెయ్యను. ఆయిల్ రంగు లోపలి దాకా ఆరడానికి ఆరు నెలలైనా ఆగాలి.