సీఓపీడీ ఉన్న నాన్నగారికి ఇంటి దగ్గరే వ్యాయామం చేయించవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

మా నాన్నగారికి 67 ఏళ్లు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. పొద్దస్తమానం ఆ ఘాటులోనే గడిచేది, పైగా బీడీలు కాల్చేవారు. బీడీలు మానేసి నాలుగేళ్లయినా సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) వదలలేదు. మూడు వారాల క్రితం ఆయాసం ముదిరి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు పల్మనరీ రీహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి పర్యవేక్షణలో చేయించే వ్యాయామ శిక్షణ) తప్పకుండా చేయించమన్నారు గానీ, ఆయన చెప్పిన చోటు విజయవాడలో ఉంది. వారానికి మూడుసార్లు ఆయన్ను బస్సెక్కించి తీసుకువెళ్లడం మావల్ల అయ్యే పని కాదు. “నాలుగడుగులు వేస్తేనే ఊపిరి అందడం లేదు, వ్యాయామం చేస్తే ఏమైపోతానో” అంటూ ఆయన వీధి గుమ్మం దాకా రావడానికి కూడా జంకుతున్నారు. ఇంటి దగ్గరే చేయిస్తే ఫలితం ఉంటుందా? ప్రమాదమేమైనా ఉందా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, విజయవాడ)

మీ నాన్నగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. అయితే ఆ భయంతో కూర్చుండిపోవడమే ఆయాసాన్ని పెంచుతుందని ఆయనకు ఓపికగా చెప్పండి. దెబ్బతిన్న ఊపిరితిత్తులను వ్యాయామం బాగుచేయదు, అది బాగుచేసేది తొడ కండరాలను. నడక తగ్గినకొద్దీ ఆ కండరాలు సన్నబడి, కొద్దిపాటి పనికే లాక్టిక్ ఆమ్లాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. దాన్ని సర్దుకోవడానికి శరీరం మరింత గాలి కోరుతుంది, అంత గాలి ఆడించే శక్తి ఆ ఊపిరితిత్తులకు ఉండదు కనుక మనిషి రొప్పుతాడు. కాళ్లు బలపడితే అదే దూరానికి తక్కువ గాలి సరిపోతుంది.

ఇంటి దగ్గర చేయడమంటే సరిపెట్టుకోవడం అనుకోకండి. ఆస్ట్రేలియాలో 166 మంది సీఓపీడీ రోగులతో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఫిజియోథెరపిస్టు ఒక్కసారి ఇంటికి వెళ్లి, ఆపై వారానికొక ఫోను చొప్పున ఏడుసార్లు మాట్లాడి నడిపించినవారు, కేంద్రానికి వెళ్లి చేసినవారికి తీసిపోకుండా మెరుగుపడ్డారు. కానీ ఏడాది తిరిగేసరికి ఆ మేలు రెండు వర్గాలలోనూ నిలవలేదు. అందుకే ఎనిమిది వారాల శిక్షణ కాగానే వ్యాయామం ఆపేయవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతివారినీ బతిమాలుతుంటాను.

ఒక్కసారి మాత్రం విజయవాడకు తీసుకురండి. ఆరు నిమిషాల నడక పరీక్ష చేసి, నడిచేటప్పుడు ఆక్సిజన్ ఎంత పడిపోతున్నదో, గుండె ఎలా తట్టుకుంటున్నదో చూడకుండా మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. తర్వాత వారానికి నాలుగైదు రోజులు నడిపించండి. మొదట ఐదు నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్లీ ఐదు నిమిషాలు నడిస్తే చాలు. వారాల మీద అరగంటకు చేరవచ్చు. ఆయాసాన్ని సున్నా నుంచి పది వరకు అంకె వేసి చెప్పమంటే, మూడు నాలుగు దగ్గర ఉండాలి. అసలు ఆయాసమే రాకపోతే ఆ నడక చాలలేదన్నమాట. దానితోపాటు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, అరలీటరు నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం చేయించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, లేదా ఆక్సిజన్ 88 కంటే దిగడం కనిపిస్తే వెంటనే ఆపాలి. మీ డాక్టరుగారు వేరే అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించండి. పల్స్ ఆక్సీమీటరులో (వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం) చెయ్యి కదులుతుండగా వచ్చే అంకెను నమ్మవద్దు, నిలబడి చూడండి.

జవాబు (పటమట, విజయవాడ)

మా అమ్మ జీవితంలో ఒక్క బీడీ ముట్టలేదు, కట్టెల పొయ్యి ముందు మాత్రం ఇరవై ఏళ్లు కూర్చుంది. కిందటేడు తన జడ తాను అల్లుకోలేకపోయేది. చేతులు తల మీదికి వెళ్తే చాలు, ఊపిరి బిగుసుకుపోయేది. మాకు పొడవాటి వరండా ఉంది. గట్టు మీద రెండు గిన్నెలు పెట్టి, ఒకదానిలో పది చింతపిక్కలు వేశాను. ఒక చుట్టు తిరిగితే ఒక పిక్క రెండో గిన్నెలోకి వెళ్తుంది. లెక్క తప్పదు, మధ్యలో ఆగినా పోయిన చుట్లు పోవు. ముక్కుతో గాలి పీల్చి, వేడి టీని ఊది చల్లార్చినట్టు పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలడం ఆమెకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది. ఎండాకాలంలో పొద్దున ఆరున్నరలోపే ముగించేవాళ్లం. మూడో నెలలో ఒకరోజు నేను దువ్వెన తెచ్చేసరికి జడ అల్లుకుని కూర్చుని ఉంది. ఆ పూట నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కఫం రంగు మారి, దగ్గు ఎక్కువైన రోజుల్లో కూడా నడిపించాలా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, విజయవాడ)

వద్దండీ. ఆ రోజున వ్యాయామం ఆపి డాక్టరుగారికి చూపించండి. తగ్గాక, ఆపిన చోటినుంచి కాకుండా అందులో సగం నుంచి మొదలుపెట్టండి. యార్డు ఘాటు మీ వీధి దాకా వచ్చే రోజుల్లో ఇంటి లోపలే నడిపించండి. ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగు వారాలలోపు వ్యాయామం మొదలుపెడితే మళ్లీ చేరవలసిన అవసరం తగ్గుతుంది. మీకు ఇప్పటికే రెండు వారాలు గడిచాయి కనుక, నడక పరీక్షకు ఈ వారమే ఒక రోజు చూసుకోండి. వచ్చేటప్పుడు ఆయన వాడే ఇన్‌హేలర్లన్నీ సంచీలో వేసుకుని తీసుకురండి. అవి సరిగ్గా పీలుస్తున్నారో లేదో ముందు అదే చూడాలి.