విప్రో మొదలైంది వనస్పతితోనా?

ప్రశ్న: గచ్చిబౌలిలోని విప్రో కూడలి మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్ళే నాకు, ఆ సంస్థ ఒకప్పుడు వంటనూనె మిల్లు అని నిన్ననే తెలిసింది. అక్కడి నుంచి కంప్యూటర్లకు ఎలా వచ్చిందో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు: నిజమేనండీ. 1945లో మహారాష్ట్రలోని అమల్నేర్‌లో మహమ్మద్ హషీమ్ ప్రేమ్‌జీ దీన్ని స్థాపించారు. ‘సన్‌ఫ్లవర్’ పేరుతో అమ్మిన వనస్పతి, నూనె తయారీలో మిగిలిన పదార్థంతో చేసిన ‘787’ అనే బట్టల సబ్బు దాని తొలినాటి సరుకులు. 1966లో తండ్రి మరణించడంతో 21 ఏళ్ళ అజీమ్ ప్రేమ్‌జీ స్టాన్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపి వచ్చి పగ్గాలు చేపట్టారు.

మరో జవాబు: విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం ఇక్కడి తన కంపెనీలో వాటా తగ్గించుకోవడానికి ఇష్టపడని అమెరికా కంప్యూటర్ సంస్థ ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్ళగా, ఆ ఖాళీలోకి విప్రో మినీ కంప్యూటర్లతో అడుగుపెట్టింది. ఇందులో అదృష్టం కన్నా తెగువే ఎక్కువని నా అభిప్రాయం.

ఇంకో జవాబు: శాంసంగ్ కూడా 1938లో కొరియాలోని తేగులో ఎండుచేపల వ్యాపారంతోనే మొదలైందండీ.