డ్వాక్రాకు దూబగుంట తల్లా, మేనత్తా?

పెన్నా ఒడ్డు:
పోయిన వారం అమ్మను మండల సమాఖ్య సభకు దింపడానికి వెళ్లి, ఎండకు జడిసి వెనక కుర్చీలో కూలబడ్డాను. వేదిక మీది వక్త "సారా ఉద్యమం కడుపున పుట్టిన బిడ్డ మన డ్వాక్రా" అన్నారు. చప్పట్లు మోగాయి. మాది నెల్లూరు జిల్లా కాబట్టి నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది. కేంద్రం డ్వాక్రా పథకం పెట్టింది 1982-83లో. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది 1992లో. తల్లికంటే బిడ్డ పదేళ్లు పెద్దదెలా అవుతుంది?

నా అభిప్రాయం చెప్పేస్తాను, తిట్టేవాళ్లు తిట్టండి. సంఘాలు ఉద్యమానికి వారసులు కావు. ఊరూరా ఏకమైన ఆడవాళ్లను చూసి సర్కారుకు గుండె ఝల్లుమంది. "వీళ్లను ఊరికే ఉంచితే రేపు ఇంకేమి అడుగుతారో" అని చేతికి పొదుపు పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్లుగా కూర్చునే ఉన్నారు.

నల్లబల్ల:
బాబూ, తేదీలు పక్కన పెట్టుకుని తల్లిని వెతుకుతున్నారు. నేను ఆ రోజుల్లో అక్కడ ఉన్నాను. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు రాత్రి బడికి వాలంటీరును. నాట్లకు వెళ్లి వచ్చి, వండి, పిల్లలకు పెట్టి, అప్పుడు వచ్చేవాళ్లు. లాంతరు చుట్టూ పదిహేను మంది. పలక పట్టుకోవడానికి సిగ్గుపడి కొంగు చాటున దాచుకున్న ఒకావిడ నాకిప్పటికీ గుర్తుంది. అక్షరం వచ్చిందో లేదో గాని, రోజూ రాత్రి ఒకచోట చేరడం మాత్రం అలవాటైంది. అప్పటిదాకా నీళ్ల రేవు దగ్గర తప్ప ఆడవాళ్లు కూడి మాట్లాడుకునే చోటు ఊళ్లో ఎక్కడుంది? మగవాళ్లకు రచ్చబండ ఉంది, సారా కొట్టు ఉంది.

కలిగిరి మండలం దూబగుంటలో జరిగిన కథను తర్వాతి వాచకంలో "ఆడవాళ్లు ఏకమైతే" అని పాఠంగా వేశారు. ఆ పాఠం చదివిన ఊళ్లలో దుకాణాలు మూతపడ్డాయి. పాఠం చదివి పరీక్ష రాయడం అందరూ చేసేదే. వీళ్లు ప్యాకెట్లు తగలబెట్టారు. వేలం పాటలు జరగనివ్వలేదు, అవి పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో సారా నిషేధం వచ్చింది, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా.

"పొదుపు లక్ష్మి" వచ్చింది దాని వెనకే. రోజుకు ఒక్క రూపాయి. అదే చెట్టు కింద, అదే ఆడవాళ్లు. డ్వాక్రా కాగితం మీద 1982లో పుట్టి ఉండవచ్చు, మా ఊళ్లో మాత్రం ఆ చెట్టు కిందే పుట్టింది. మీరు పథకానికి పుట్టినరోజు అడుగుతున్నారు, నేను గుంపుకు చెబుతున్నాను.

తీరిక లేదు:
మేనత్త అనుకుంటే గొడవ వదులుతుంది కదండీ. పుట్టినప్పుడు ఎత్తుకుంటుంది, పేరు పెడుతుంది, పెళ్లినాడు లాంఛనం తక్కువైందని అలుగుతుంది.

పాత లెడ్జరు:
నల్లబల్ల మాస్టారు మనసుతో రాశారు, నేను లెక్కతో రాస్తాను. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి దిగాను.

రిజిస్టరు కాని గుంపు పేరిట పొదుపు ఖాతా తెరవడం మాకు అప్పట్లో అపచారం. మనిషికి ఖాతా ఉంటుంది, సొసైటీకి ఉంటుంది. పదిహేను మంది ఆడవాళ్లు పేరు పెట్టుకుని వస్తే ఏ ఫారం నింపాలి? 1990ల మొదట్లో రిజర్వు బ్యాంకు సరేనంది. 1992లో నాబార్డు, అంటే పల్లె రుణాలు చూసే జాతీయ బ్యాంకు, దేశం మొత్తం మీద 500 గుంపులతో ప్రయోగం మొదలుపెట్టింది. దానికి నమూనా కర్ణాటకలో మైరాడా వంటి స్వచ్ఛంద సంస్థలు అంతకుముందే నడిపిన సంఘాలు. నెల్లూరు సారాకూ దీనికీ చుట్టరికం లేదు. రెండూ ఒకే ఏడు జరిగాయి, అంతే. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు జరిగినంత మాత్రాన వియ్యంకులైపోరు.

ఇంకో సంగతి. డ్వాక్రా అనే పథకమే ఇప్పుడు లేదు. 1999 ఏప్రిల్ 1న స్వర్ణజయంతి పథకంలో కలిపేశారు. తర్వాత వెలుగు, ఇందిర క్రాంతి పథం (ఐకేపీ), జాతీయ జీవనోపాధుల మిషన్ అని బోర్డులు మారుతూ వచ్చాయి. ఏ బోర్డు పెట్టినా జనం "డ్వాక్రా" అనే అంటున్నారు. తెలంగాణలో వడ్లు కొనే కేంద్రానికి ఇప్పటికీ "ఐకేపీ సెంటర్" అనే పేరు. దుకాణం మూసేసినా బోర్డు తీయని ఊరు మనది.

పాలకుర్తి పొరుగు:
అందరూ 1982 నుంచే మొదలుపెడుతున్నారు. మా వైపు "సంఘం" అనే మాట పొదుపుకంటే నలభై ఏళ్లు పాతది. 1940ల్లో తెలంగాణ పల్లెల్లో సంఘం అంటే ఆంధ్రమహాసభ. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చాకలి ఐలమ్మ పంటను ఎత్తుకుపోవడానికి వస్తే అడ్డుపడి, ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చింది సంఘంవాళ్లే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో సమాజాభివృద్ధి పథకంతో మహిళా మండళ్లు వచ్చాయి. కుట్టుమిషను, బాలవాడి, అధ్యక్షురాలిగా సర్పంచి గారి భార్య. సంఘం అనే మాటకు పదును పోయింది అప్పుడే. డ్వాక్రాను ఒక్కదాన్నే తిట్టి ఏం లాభం?

జొన్నకంకి:
నాది జహీరాబాద్ దగ్గర. ఈ చర్చలో అందరూ సంఘం అంటే బ్యాంకు లోను అనుకునే మాట్లాడుతున్నారు. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్లు దాచుకున్నది విత్తనం. కొర్ర, సామ, పచ్చజొన్న. పడావు పడ్డ భూములు సాగులోకి తెచ్చి, ఆ గింజను ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లో పేదలు ఎవరో తామే తేల్చి వాళ్లకు ఇచ్చారు. 2008లో మాచనూరులో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. విత్తనం కావాలని వచ్చినవాళ్లకు అరువిచ్చి, పంట వచ్చాక రెట్టింపు కొలిచి తీసుకోవడం చూశాను. ఆ లెక్కకు పుస్తకం లేదు, కొలిచే మానిక ఉంది.

కాబట్టి పెన్నా ఒడ్డు గారి ప్రశ్న నాకు సగమే నచ్చింది. సర్కారు మింగేసిందా అంటే, మింగని చోట్లూ ఉన్నాయి. అవి లక్షల సంఘాలు కావు, నిజమే.

మాజీ యానిమేటర్:
ఇంతసేపూ మగవాళ్లే మాట్లాడినట్టున్నారు. జొన్నకంకి ఆడవారైతే మన్నించాలి.

నేను పాలమూరు జిల్లా మనిషిని. 1995-96లో ఐక్యరాజ్యసమితి సాయంతో పేదరిక నిర్మూలన పథకం మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురంలో మొదలైనప్పుడు యానిమేటర్‌గా చేరాను, అంటే సంఘాల సమావేశాలు నడిపించి లెక్కలు రాసే మనిషిగా. వెలుగు వచ్చింది 2000లో, దానికి అచ్చు పోసింది ఈ మూడు జిల్లాలే. సంఘం, ఊరికి గ్రామ సమాఖ్య, పైన మండల సమాఖ్య, ఆ పైన జిల్లా. ఈ మెట్లలో నేను పైకీ కిందికీ చాలాసార్లు తిరిగాను.

సమావేశం అంటే ఎలా ఉండేదో చెబుతాను. నేల మీద గుండ్రంగా కూర్చోవాలి, మంచం మీద ఎవరూ కూర్చోకూడదు. ఆ ఒక్క నియమానికే మొదటి ఆరు నెలలు సరిపోయింది. రెడ్డి గారి కోడలు, మాదిగవాడ ఆవిడ ఒకే చాప మీద కూర్చోవాలంటే ఊరికే అవుతుందా? మధ్యలో ఇనుప పెట్టె. మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి మెడల్లో. ముగ్గురూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఒకసారి ఒకావిడ కాన్పుకు పుట్టింటికి పోతూ తాళంచెవి మెడలోనే మరిచింది. దాని కోసం ఇద్దరు సభ్యులు బస్సెక్కి వెళ్లారు. ఆ రోజు మేము నవ్విన నవ్వు ఏ పథకంలో రాస్తారు?

పెన్నా ఒడ్డు గారూ, "కూర్చోబెట్టారు" అన్నారు మీరు. కూర్చోవడమంటే చిన్న విషయం కాదని అందుకే చెప్పాను.

అయితే మీ కోపం పూర్తిగా తప్పనూ లేను. 2005 తర్వాత ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ వాళ్లు బైకుల మీద దిగారు. ఊళ్లో సంఘాలు తయారుగా ఉన్నాయి, కూడటం, సంతకం పెట్టడం, కిస్తీ కట్టడం మేమే నేర్పాం. వాళ్లకు దున్నిన పొలం దొరికింది. వారం వారం కిస్తీ. ఒకావిడ కట్టకపోతే మిగతా నలుగురూ ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి, చీకటి పడినా లేవకూడదు. నెల్లూరులో ఆడవాళ్లు సారా దుకాణం ముందు కూర్చున్నారని చెప్పుకుంటున్నామే, అదే కూర్చోవడం. ఈసారి తోటి ఆడమనిషి గడప ముందు. ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలకు ముకుతాడు వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడాది సంఘాలకు అప్పులివ్వడానికి స్త్రీనిధి పెట్టారు. మంచి పనే. కానీ ఆ గుమ్మాల దగ్గర తెగిన మాటలు చాలా ఊళ్లలో మళ్లీ కలవలేదు.

ఆ తర్వాత రాజకీయం. 2004లో పావలా వడ్డీ, ఆ తర్వాత ఆంధ్ర వైపు 2014లో రుణమాఫీ మాట, 2019 ఎన్నికల ముందు పసుపు కుంకుమ, 2020లో ఆసరా. ఎవరినీ ఎత్తి చూపను, అందరూ ఆ తానులో ముక్కలే. 2014లో మాఫీ అవుతుందని కిస్తీలు ఆపేసినవాళ్లకు తర్వాత పడిన వడ్డీ సంగతి అక్కడి గ్రూపులను అడగండి. సభకు రాకపోతే లోను రాదని నాతోనే చెప్పించారు. చెప్పాను. బస్సుల్లో ఎక్కించి లెక్క రాసుకున్నాను. ఆ ఉద్యోగం మానేయడానికి అదొక కారణం.

పాత లెడ్జరు:
అమ్మా, మీరు రాసింది చదివాక నా "చుట్టరికం లేదు" అనే మాట కొంచెం వెనక్కి తీసుకుంటాను. కొంచెమే. 1990లలో మా శాఖలో మేనేజరు భర్త సంతకం తెమ్మంటే "అప్పు ఆయనకు కాదు కదా సార్" అన్న సభ్యురాలు ఒకామె ఉంది. ఆమె సారా ఉద్యమంలో ఉందో లేదో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

పెన్నా ఒడ్డు:
రెండు రోజులు ఊళ్లో ఉండి వచ్చాను. అమ్మ గ్రూపు పాత తీర్మానాల పుస్తకం అటక మీద దొరికింది. మొదటి పేజీలు వంకర అక్షరాలు, గీత దాటి పోయినవి. సభ్యురాలే రాసింది. 1998లో ఒక తీర్మానం: "బడి పక్కన బ్రాందీ అమ్ముతున్నారు, అందరం పోయి అడగాలి." దాని కింద పదకొండు వేలిముద్రలు, మూడు సంతకాలు. (1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లోనే ఎత్తేశారు, అది గుర్తుంచుకోండి.) మరో దాంట్లో నీళ్ల పంపు, ఇంకో దాంట్లో ఎవరి కూతురి పెళ్లో ఆపాలని. 2003 దగ్గర చేతిరాత మారింది. గుండ్రటి అక్షరాలు, యానిమేటర్‌వి. అక్కడి నుంచి ప్రతి పేజీ ఒకటే: హాజరు, పొదుపు, కిస్తీ, బాకీ. పంచసూత్రాలు (సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, కిస్తీ, లెక్కల పుస్తకం) పాటించాం అని చివర ఒక ముద్ర. ఇంకేమి సాక్ష్యం కావాలి?

మాజీ యానిమేటర్:
ఆ గుండ్రటి అక్షరాలు నావి కావు గాని, నా జాతివే. ఒప్పుకుంటాను. గ్రేడింగు వచ్చేది లెక్కలకు. బ్రాందీ కొట్టు గురించి తీర్మానం రాస్తే ఏ గ్రేడూ పెరగదు.

అయినా ఒక పని చేయండి. అంతర్గత అప్పుల పేజీ, అంటే సంఘం తన పొదుపులోంచి సభ్యులకిచ్చినవి, తీసి "కారణం" అనే గడి చదవండి. మేము లెక్కలు రాస్తున్నామని మీరనుకునే చోటే ఊరి సంగతులన్నీ ఉంటాయి.

పెన్నా ఒడ్డు:
చదివాను. ఎరువులు. కాన్పు. బర్రె. భర్త గుండె ఆపరేషను. "కూతురు ఇంటికి వచ్చేసింది", దానికి 2,000. కారణం గడిలో గీత మాత్రమే ఉన్న ఒక 5,000. అది ఎవరికి, ఎందుకు అని అడిగితే అమ్మ చెప్పలేదు. సంఘం మాట బయటికి చెప్పకూడదట.

తీరిక లేదు:
మరి బ్రాందీ కొట్టు ఏమైంది? పదకొండు వేలిముద్రలు వేశారుగా.

పెన్నా ఒడ్డు:
అదీ అడిగాను. పద్నాలుగు మందీ వెళ్లి కొట్టు ముందు కూర్చున్నారట. రెండు నెలలు మూసేశాడు. తర్వాత బడి పక్క నుంచి ఊరి చివరకు మార్చాడు. ఆ ఏడు సంక్రాంతి దాటాక అతని భార్య వచ్చి గ్రూపులో చేరతానంది. వాదోపవాదాలు మూడు వారాలు నడిచాయట. చేర్చుకున్నారు. ఇప్పుడు రెండో లీడర్ ఆవిడే.