మారథాన్‌లో జానెడు తేడాకు స్వర్ణం, రజతం వేరు చేయాలా?

బాటసారి:
2025 సెప్టెంబర్ 15న టోక్యోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ పురుషుల మారథాన్ ముగింపు నన్ను ఇంకా వదలడం లేదు. టాంజానియాకు చెందిన అల్ఫోన్స్ సింబు, జర్మనీకి చెందిన అమనల్ పెట్రోస్, ఇద్దరి సమయమూ 2:09:48. ఫోటో చూసి తేల్చిన తేడా 0.03 సెకను. అదే పోటీల్లో పురుషుల 100 మీటర్ల పరుగులో మొదటి ఇద్దరి మధ్య తేడా 0.05! రెండు గంటలకు పైగా ఉక్కపోతలో పరుగెత్తి, చివరికి జానెడు వెనకబడినందుకు ఒకరికి రజతమా? 2021లో ఆ నగరంలోనే ఒలింపిక్ హైజంప్‌లో బర్షిమ్, టాంబెరి స్వర్ణాన్ని పంచుకున్నారు. వీళ్ళకూ పంచి ఉండాల్సింది.

తెల్లగీత:
ఆ పోలిక కుదరదండీ. హైజంప్‌లో ఇద్దరూ 2.37 మీటర్లు దాటారు, ఇద్దరూ 2.39 దగ్గర ఆగిపోయారు. వాళ్ళను విడదీసే ఆధారం ఏదీ మిగల్లేదు. ఇక్కడ ఆధారం ఫోటోలో స్పష్టంగా ఉంది. పరుగు పందెం ఎప్పుడూ అడిగేది ఒకే ప్రశ్న: ముందు ఎవరు వచ్చారు? దానికి జవాబు దొరికినప్పుడు పంచడం దయ అవుతుందేమో కానీ న్యాయం కాదు.

బాటసారి:
ఈత వాళ్ళు అలా అనుకోలేదే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లేలో (నాలుగు రకాల ఈతలూ కలిసిన పోటీ) మొదటి ఇద్దరు లార్సన్, మెకీ మధ్య తేడా 0.002 సెకను. ఆ తర్వాత వందో వంతుతోనే ఆపాలని నియమం మార్చారు. అందుకే 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్, లె క్లో, చె ముగ్గురికీ రజతాలు ఇచ్చారు. మారథాన్ బాటను సైకిల్ చక్రంతో కొలుస్తారు. దూరం తగ్గిపోకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. అంటే మొత్తం మీద 42 మీటర్లు! అంత సడలింపు ఉన్న చోట జానెడుకు ఏం విలువ?

తెల్లగీత:
మీరు చెప్పిన ఉదాహరణే మీ వాదనను పడగొడుతోంది. ఈతలో ఒక్కొక్కరిదీ ఒక్కో వరుస. కొలనుగోడల నిర్మాణంలో కొద్దిపాటి తేడా ఉంటే ఒకరికి దూరం ఎక్కువ, ఇంకొకరికి తక్కువ పడవచ్చు. అందుకే వెయ్యో వంతును నమ్మరు. మారథాన్‌లో అందరూ దాటేది ఒకే గీత. బాట 42 మీటర్లు పెరిగినా ఇద్దరికీ అంతే పెరిగింది.

తొలికోడి:
నేను ఏళ్ళ తరబడి మారథాన్‌లు పరుగెత్తుతున్నాను, పతకాలకు ఆమడ దూరంలోనే లెండి. నలభయ్యో కిలోమీటరు దాటాక కాళ్ళు మన మాట వినవు. ఆ స్థితిలో స్టేడియంలోకి వచ్చి, చివరి వంద మీటర్లలో పెట్రోస్ ముందుండగా, గీత మీదికి ఛాతీని వంచి విసరగలిగాడు సింబు. మారథాన్‌లో గీత దగ్గర ఛాతీ వంచాలన్న ఆలోచన ఎంతమందికి వస్తుంది? ఆ వంపే స్వర్ణం తెచ్చింది. తల, చేతులు, కాళ్ళు లెక్కలోకి రావు, ఛాతీ దాటడమే లెక్క. 2017 లండన్‌లో కాంస్యం తెచ్చుకుని ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆయన. ఈ పోటీల చరిత్రలో టాంజానియాకు ఇదే తొలి స్వర్ణం. పంచాలనేవారు ఆ చివరి అడుగును ఆయన నుంచి తీసేసుకుంటున్నారని నాకనిపిస్తుంది.

బాటసారి:
తొలికోడి గారూ, మీ మాట కదిలించింది. అయినా ఒకటి అడుగుతాను. బయలుదేరేటప్పుడు ఒకరు మొదటి వరుసలో, ఇంకొకరు రెండో వరుసలో నిలబడి ఉండవచ్చు. తుపాకీ మోగినప్పుడే వాళ్ళ మధ్య జానెడు కన్నా ఎక్కువ తేడా ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా చివరి జానెడును మాత్రం ఎందుకు కొలవాలి?

తెల్లగీత:
రెండో వరుసలోని వ్యక్తికి ఆ అడుగు పూడ్చుకోవడానికి 42 కిలోమీటర్లు ఉన్నాయి. గీత దగ్గర ఓడినవారికి ఇక దూరం లేదు.

బాటసారి:
ఇది ఒప్పుకోక తప్పదు. పతకం పంచాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సమయం విషయంలో మాత్రం తగ్గను. రోడ్డు పరుగుల్లో సమయాన్ని పై సెకనుకు సవరించి రాస్తారు కాబట్టి ఫలితాల్లో ఇద్దరి పక్కనా 2:09:48 అనే కనిపిస్తోంది. ఐదు సెకన్ల తర్వాత కాంస్యం అందుకున్న ఇటలీ ఆటగాడు అవానీకి, పెట్రోస్‌కు మధ్య తేడా అంకెల్లో తెలుస్తుంది. స్వర్ణాన్ని తేల్చిన తేడా తెలియదు. ఫోటోతో విజేతను నిర్ణయించినప్పుడు ఆ వందో వంతులను కూడా పట్టికలో అచ్చువేయాలి.

తొలికోడి:
దానికి నా మద్దతు ఉంది. ఆ 0.03ను పెట్రోస్ పేరు పక్కనే రాయాలి.